గిరీష్ పేరు మీద పరుగు

మంచం దిగబోయిన గిరీష్, పిక్కలు పట్టేయడంతో మళ్ళీ కూలబడ్డాడు. ఉదయం అయిదున్నర. ఈ రోజు ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తాలి. ఒంట్లో ఒక్క ఎముకకీ ఆ ఉద్దేశం లేదు.

నలభై రెండేళ్ళ మనిషి. చిక్కపేట బట్టల కొట్లో పెరిగి, పదహారేళ్ళుగా మారతహళ్ళి ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతున్నాడు. ఇన్నేళ్ళలో అతన్ని తిట్టినవాళ్ళూ లేరు, మెచ్చుకున్నవాళ్ళూ లేరు. ఆఫీసువాళ్ళ పరుగు గ్రూపులో చేరాకే నలుగురికి పేరు తెలిసింది. అలసిపోయి ఒక్కరోజు మానేస్తే, తేజస్ అనే కుర్రాడు ఆ పేరు పక్కన నత్త బొమ్మ పెట్టాడు. అందరూ నవ్వారు. ఆ మాత్రానికే తల కొట్టేసినట్టయింది పాపం, పెద్దమనిషికి! ఒళ్ళు నొప్పులుగా ఉంది, విశ్రాంతి తీసుకున్నానని రాయడానికి చేతులు రాలేదు.

అప్పట్నుంచి కాళ్ళు మొరాయించిన రోజున, పరుగు దూరాన్ని, గుండె వేగాన్ని కొలిచే తన చేతి గడియారాన్ని పాలు వేసే చిక్కమునియప్పకు కట్టి పంపేవాడు. ముసలాయన చెరువు చుట్టూ పరిగెత్తితే ఆ దూరం గిరీష్ పేరు మీద గ్రూపులో పడేది. ఎవరి చెయ్యయితే ఏం, గడియారానికి! తిరిగి ఇచ్చేటప్పుడు మునియప్ప దాన్ని తుడిచి, కడిగి ఆరబెట్టిన పాలకవర్లో చుట్టి ఇచ్చేవాడు.

బెల్ మోగింది. పాలు అందించిన మునియప్ప, గిరీష్ చేతిలో గడియారం చూసి వెనక్కి తగ్గాడు.

"ఈ పొద్దు వద్దు సామీ. ఆయాసంగా ఉండాది. రేపు పోతా."

"మెల్లగా పోన్నా. ఈ ఒక్కరోజే. ఎవురికీ చెప్పొద్దు, ఆఁ?"

మునియప్ప చెయ్యి చాచాడు. గిరీష్ దుప్పటి ముసుగుతన్ని హాయిగా నిద్రపోయాడు.

పదకొండింటికి ఆఫీసులో ఫోన్ తీశాడు. "మా పులి గిరీష్ సార్!" అని తేజస్ రాశాడు. దాని కిందే గడియారం పంపిన హెచ్చరిక: గుండె వేగం చాలా ఎక్కువగా ఉంది, విశ్రాంతి తీసుకోండి. గిరీష్ దాన్ని వేలితో పక్కకు తోసేసి, తేజస్‌కు దండం బొమ్మ పెట్టాడు.

సాయంత్రం తలుపు తీస్తే మునియప్ప కొడుకు శివ నిలబడి ఉన్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"రేపట్నుంచి పాలు వేరేవాళ్ళు తెస్తారు సార్. నాయన పోయినాడు."

"ఏమైందప్పా?"

"పొద్దున ఇంటికొచ్చి, రొంతసేపు పండుకుంటానన్నాడు. మళ్ళా లేయలేదు." శివ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. "పండుకోకముందు ఇది మీకిచ్చేయమన్నాడు. ఎందుకు కట్టుకున్నావంటే నవ్వినాడే గాని చెప్పలేదు. మీకేమన్నా తెలుసా సార్?"

గిరీష్ పొట్లం అందుకున్నాడు. ఇన్నాళ్ళూ కిటికీలోంచి అంతా చూసిన భార్య శైలజ వెనకే నిలబడి ఉంది.

"తెలీదప్పా," అన్నాడు.

శివ తలూపి మెట్లు దిగిపోయాడు. శైలజ లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో తలెత్తలేక గిరీష్ తన అరచేతిలోకే చూస్తూ ఉండిపోయాడు. నీటి చుక్కయినా లేకుండా ఆరబెట్టిన పాలకవర్లో, నాలుగు మడతల మధ్య గడియారం ఉంది.