గేటు దగ్గరి నంబరు

నేను ఒక ఆక్సీమీటరును. బట్టల క్లిప్పంత ఉంటాను. వేలు కరుచుకుని రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్తాను. ఐదువందల మంది తోబుట్టువులతో అట్టపెట్టెలో ప్రయాణించి, ఒక జిల్లా ఆస్పత్రిలో సలోమి సిస్టర్ చేతిలో పడ్డాను.

కరోనా మొదటి వేవ్‌లో నాది దర్జా బతుకు. రోగి రాగానే మంచం దొరికేది, అక్కడే నా కొలత. రెండో వేవ్‌లో మంచాలు లేవు. సిస్టర్ నన్ను పట్టుకుని గేటుకి పరిగెత్తేది. ఒకరికి డెబ్బై ఒకటి. సూది గుచ్చుకున్న మచ్చలున్న ఒక దర్జీ వేలికి అరవై ఎనిమిది. చెప్పడానికి నాకే నోరు రాలేదు. ఆవిడ సిలిండర్ తగిలించి, ఆ నంబరు తెల్ల ప్లాస్టర్ ముక్క మీద రాసి కాలరుకి అంటించేది. పూట గడిచాక మంచం దొరికేది. సిలిండర్ పుణ్యమా అని అప్పటికి నేను తొంభై రెండు చూపించేదాన్ని. కేసు షీటులోకి అదే ఎక్కేది.

మూడో వేవ్ చప్పుడు లేకుండా పోయాక విచారణకి డాక్టర్ చలపతి దిగారు.

"మొదటి వేవ్‌లో రెండొందల మందికి ఇరవై మంది పోయారు. రెండో వేవ్‌లో అదే రెండొందలకి అరవై ఒకటి! రెండోసారి అందరూ తొంభై పైనే వచ్చారుగా. వార్డులో ఏం చేశారమ్మా? నేనిది రాస్తే మీ ఉద్యోగం ఉండదు."

"గేటు ప్లాస్టర్లు చూశారాండీ?"

"ఏ ప్లాస్టర్లు?"

"మంచమెక్కించాక షీటు వెనకాల అంటించానండీ."

డాక్టర్ చేతిలో ఉన్నవి జిరాక్సులు. గుమాస్తా ముందువైపే తీశాడు.

"వెనక్కి తిప్పకుండానే నన్ను ఇంటికి పంపేద్దామనా? ఏదీ, వేలివ్వండి." సిస్టర్ నన్ను ఆయనకి తగిలించింది. ఆక్సిజన్ తొంభై ఎనిమిది, నాడి నూట ముప్పై. "ఊపిరికేం ఢోకా లేదండీ. కంగారే ఎక్కువ."

అసలు షీట్లు తెప్పించారు. ఎనభై లోపు నంబరుతో ఆస్పత్రికొచ్చిన వాళ్ళని ఆయన విడదీసి చూశారు. రెండు వేవ్‌లలోనూ సగం మందే పోయారు. కాకపోతే అలా వచ్చినవాళ్ళు మొదటిసారి ఇరవై నలుగురు, రెండోసారి నూట ఆరుగురు.

సిస్టర్‌ని తప్పుపడుతూ రాసిన మొదటి పేజీని డాక్టర్ చింపేశారు. "మీమీద ఏమీ లేదమ్మా. వెళ్ళండి."

సిస్టర్ కదల్లేదు. జేబులోంచి ఒక ప్లాస్టర్ ముక్క తీసింది. అరవై ఎనిమిది.

"ఈయన్ని ఎక్కడ వేస్తారండీ?"

"షీటేదీ?"

"మంచం దొరికితే కదండీ షీటు."

ఆయన తర్వాతి పేజీలో, పోయినవాళ్ళ లెక్క దగ్గర అరవై ఒకటి కొట్టేసి అరవై రెండు రాశారు.

ఇప్పుడు నా మకాం సిస్టర్ డ్రాయరు. నా బ్యాటరీలు నర్సుల గదిలో గోడ గడియారానికి పోయాయి. అందరూ టైము దాన్నే అడుగుతున్నారు. నన్నడిగితే ఆ దర్జీ వేలు ఎంత చల్లగా ఉందో చెప్తాను.