చావుకీ నిప్పుకీ

ఊరిపెద్ద అందరి ఓట్లూ తానే వేసేశాడని మా ఆయన, తోకుజో, పత్రికవాళ్లకు చెప్పాడు. దాంతో ఊరు మమ్మల్ని వెలివేసింది. మా షినానో కొండల్లో వెలివేసిన ఇంటికైనా రెండింటికి ఊరు రావాలి: చావుకి, ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి.

మూడేళ్లకు మా అత్త పోయింది. అందరూ వచ్చారు. పక్కింటి మసు మా వంటింట్లో ముల్లంగి తరుగుతూ, "ఏమే, ఇలా చిక్కిపోయావు! తింటున్నావా లేదా?" అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, అత్త కోసం కాదు.

మర్నాడు బావి దగ్గర "మసక్కా!" అని పిలిచాను. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను. "మీ అమ్మా పోయింది. ఇంక మన గడప ఎవరు తొక్కుతారు?"

ఆయన అగ్గిపెట్టె చేతిలో తిప్పుతూ గడ్డి కప్పుకేసి చూస్తున్నాడు. నాకు లాక్కోవాలనిపించలేదు.