పుండులో పుట్టిన ‘సారీ’

నేను ఒక ఇంగ్లీషు మాటను. పేరు సారీ. నన్ను పలకని నోరు మీ ఊళ్లో ఒక్కటీ ఉండదు. నా అర్థం తెలిసి పలికే నోరు మాత్రం నాకింకా కనబడలేదు.

పాత ఇంగ్లీషులో పుండుకీ నొప్పికీ ఉన్న మాటే నాకు తల్లి. శోకాన్ని ఇంగ్లీషులో ‘సారో’ అంటారు కదా, నన్ను దాని చెల్లెలనుకుంటారు. కాదు. నేను గాయం బిడ్డను. ఒకప్పుడు నన్ను పలికినవాడికి లోపల నిజంగా సలిపేది. ఓడెక్కి ఈ దేశం వచ్చాక ఏమైంది? బస్సులో కాలు తొక్కితే నేనే, రాంగ్ నంబరుకీ నేనే. తుమ్మినా నేనే! ఒళ్లు మండదా?

మొన్న తునిలో జరిగింది వినండి. నూకరత్నం తల్లి పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి పెద్దది చేయించాలని తల్లి ఫోటోను ప్రభాకరం స్టూడియోలో ఇచ్చింది. తీసుకోడానికి వస్తే అతను కంప్యూటరు మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు:

“సారీ అమ్మా. షాపు సర్దినప్పుడు చెత్తలో పోయినట్టుంది.”

“పోయిందా? మా అమ్మకి ఉన్నది అదొక్క ఫోటోయే బాబూ!”

“సారీ చెప్పాను కదమ్మా. ఇంకేం చెయ్యమంటారు?”

చూశారా! నన్ను గుమ్మానికి అడ్డంగా పడేసి ఆవిణ్ణి బయటికి పొమ్మంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

నూకరత్నం అరవలేదు. బల్ల పట్టుకుని నిలబడింది. “అమ్మ మొహం మర్చిపోతానేమోనని భయంగా ఉంది బాబూ” అంది.

ప్రభాకరం తలెత్తాడు. లేచి, వెనకగదిలో చెత్త బస్తాలన్నీ నేలమీద గుమ్మరించాడు. అక్కడ లేకపోతే పాత కాగితాలు కొనే కొట్టుకి పరిగెత్తాడు. సాయంత్రానికి, ఒళ్లంతా దుమ్ముతో, ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. ఆవిడ ఇంకా అక్కడే, షాపు బెంచీ మీద కూర్చుని ఉంది.

“దొరకలేదమ్మా. తప్పు నాదే.” ఆవిడ పక్కనే కూలబడ్డాడు. “మీ అమ్మగారు ఎలా ఉండేవారు?”

“ఎడమ కనుబొమ్మ మీద మచ్చ” అని మొదలుపెట్టి, ఆవిడ ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. షట్టరు సగం దించి అతను వింటూ కూర్చున్నాడు. ఆవిడ వెళ్లేదాకా నన్ను మళ్లీ నోట రానివ్వలేదు.

అప్పుడు అతను నన్ను పలికుంటే నేను కాదనేదాన్ని కాదు.