ఇంటిపేరులో రెండో డి

గాజువాకలోని నా డీటీపీ షాపులో రెండు ముసలి కంప్యూటర్లున్నాయి. ఒకటి నాది, ప్రింటర్ దానికే ఉంది. రెండోది విడాకులయ్యాక మా చెల్లెలు సత్యశ్రీ అత్తారింటి నుంచి తెచ్చుకున్నది. పెళ్లికార్డులకి వాడే పాత తెలుగు ఫాంట్లన్నీ అందులోనే ఉన్నాయి. కొత్తది కొనమని సలహా ఇచ్చేవాళ్లకి నేను చెప్పేదొకటే. ఆ ఫాంట్లు కొత్తవాటిలో తెరుచుకోవు, మీ పని మీరు చూసుకోండి.

సత్య మా ఇంట్లోనే ఉంటోంది, చుట్టంలా. అడగందే మారు అన్నం పెట్టుకోదు. ఎలమంచిలిలో ఉద్యోగం దొరికిందనీ, వచ్చే నెల అక్కడ హాస్టల్లో చేరతాననీ చెప్పింది. వద్దనాలని గొంతుదాకా వచ్చింది. కానీ నా నోటికి తిట్టడం వచ్చినట్టు బతిమాలడం రాదు. “ఎల్తే ఎల్లు, నీకెవరడ్డం?” అన్నాను. ఆ పూట నాకే అన్నం సయించలేదు.

అది ఉన్నన్నాళ్లయినా, ప్రింటు తీయడానికి పెన్‌డ్రైవ్ పట్టుకుని అటూ ఇటూ తిరగడం తప్పుతుందని, మెకానిక్ డేవిడ్ రాజుని పిలిచాను. రెండింటినీ కేబుల్‌తో కలిపాడు. ఒకదానికొకటి కనబడలేదు.

“వర్క్‌గ్రూప్ పేర్లు ఏరేగా ఉన్నాయి మేడమ్. మన ఇంటిపేరు లాంటిదనుకోండి. రెండింటికీ ఒకటే ఉండాల.”

చూస్తే నాదాంట్లో ‘దాడి’ అని ఉంది. అది మా ఆయన ఇంటిపేరు. సత్యదాంట్లో ‘పిల్లా’. అది దాని మాజీ మొగుడిది.

“మాదే పెట్టీ,” అన్నాను.

“మీ అత్తోరి పేరు నాకెందుకే?” అంది సత్య.

“ఖాళీగా ఒగ్గీడానికి లేదు మేడమ్,” అన్నాడు డేవిడ్ రాజు.

కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. మా నాన్న ఇంటిపేరు పెడదామన్నాను. సత్య తనదాంట్లో కొట్టింది. నేను నాదాంట్లో కొట్టాను. రెండూ ఆపి మళ్లీ ఆన్ చేశాం. అయినా కనబడలేదు. డేవిడ్ రాజు కేబుల్ కూడా మార్చి చూశాడు.

సత్య నా వెనక్కి వచ్చి తెర వైపు వంగింది.

“అక్కా, మన ఇంటిపేరు తప్పు రాసావే.”

బొడ్డేడ. ఇంగ్లీషులో ‘బొ’ తర్వాత డి రెండుసార్లు కొట్టాలి. నేను ఒక్కసారే కొట్టాను. పెళ్లయ్యాక ఆ పేరు రాయాల్సిన పనే పడలేదు. పుట్టింటి పేరు మరిచిపోయానని సిగ్గేసింది. సత్య ‘మన’ అన్నందుకు ఏడుపొచ్చింది. డేవిడ్ రాజు ఉన్నాడని కూడా చూసుకోకుండా ఏడ్చేశాను.

“ఎలిపోకే సత్యా. నువ్వు లేపోతే నాను ఉండలేనే.”

సత్య నా భుజం మీదుగా చెయ్యి చాపి కీబోర్డు తన వైపు లాక్కుంది.

“ఉంటాను గానీ, ముందు లెగు. నీకు మన పేరు రాయడం రాదు.”