సాక్ష్యానికి ఒక చెయ్యి

అప్పటికే ఎంగ్వావ్ చేతులు వణకడం మొదలై చాలాసేపయింది. రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని చర్చిలో ముందు బల్ల మీద కూర్చున్నాడు. అది తాగుబోతుల బల్ల. దానికి వేరే మంచి పేరేదో పెట్టారు గానీ ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. పైన రేకులు ఎండకి కాలిపోతున్నాయి. తాగుడు మానడానికి నర్సమ్మ ఇచ్చిన మాత్ర పొద్దున్నే వేసుకుని వచ్చాడు.

పాట అయిపోయింది. ఇక అందరిముందూ లేచి చెప్పుకునే సాక్ష్యాల వంతు. సంఘపెద్ద ఒమోడింగ్ లేచి చొక్కా సర్దుకున్నాడు. ఒకప్పుడు ఆయనా తాగినవాడే. ఉన్నట్టుండి మానేశాడు. ఎలా మానేశారని ఎవరడిగినా "సిగ్గుతో" అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. తనకు పనిచేసిన మందు లోకంలో అందరికీ పనిచేసి తీరాలని నమ్మే రకం, అంతే. అలాంటివాళ్ల చేతిలో పడ్డవాడి అవస్థ మాత్రం పగవాడికి కూడా వద్దు.

"అసియో, ఇలా రా తల్లీ," అని పిలిచాడు ఒమోడింగ్.

ఆడవాళ్ల చాప మీదనుంచి ఎంగ్వావ్ కూతురు లేచింది. తొమ్మిదేళ్లుంటాయేమో. ఇంత ఎండలోనూ తల్లి అపోలొత్ దానికి పొడుగు చేతుల గౌను వేసి తెచ్చింది. ప్రతి ఆదివారం ఇదే తంతు. పిల్ల ముందుకొచ్చి ఎడమ చేతి గుడ్డ మోచేతి పైదాకా మడుస్తుంది. కాలి ముడుచుకుపోయిన ఆ చర్మం చూసి ఆడవాళ్లు అయ్యో అయ్యో అంటారు. తలెత్తి చూడరా, నీ తాగుడు చేసిన పని చూడు, అంటాడు ఒమోడింగ్. ఎంగ్వావ్ చూస్తాడు. అందరూ కళ్లు తుడుచుకుంటారు. చర్చి వదలగానే ఎంగ్వావ్ తాగడానికి తిన్నగా కుండ దగ్గరికి పోతాడు.

ఆ ఊళ్లో వేరుశనగ చేలో కలుపు తీయడానికి ఎవరూ డబ్బు అడగరు. ఇరుగుపొరుగు వచ్చి తీసి పెడతారు, పనయ్యాక చేను గలవాడు కుండ పెడతాడు. రాగులు పులియబెట్టి చేసిన కల్లు కుండ అది. చుట్టూ కూర్చుని తలా ఒక పొడుగు గొట్టం వేసి పీలుస్తారు. చప్పబడినప్పుడల్లా ఇంటాయనే లేచి మరిగే నీళ్లు పోయాలి. కుండ పెట్టనివాడి చేను గడ్డి పాలే. ఎంగ్వావ్ కుండ పెట్టిన రోజు ఇంటాయనైన అతనే తాగి అందరికంటే ముందు ఒరిగిపోయాడు. నీళ్లు, నీళ్లు అన్న కేకలు విని పిల్లే మరిగే కెటిల్ ఎత్తుకొచ్చింది. గొట్టం తట్టుకుని బోర్లా పడింది, ఆ నీళ్లు ఎడమ చేతి మీద ఒలికాయి.

మొన్న మాత్రల కోసం ఆరోగ్య కేంద్రానికి పోతే నర్సమ్మ అడిగింది.

"వారమంతా తాగకుండా ఆగుతున్నావు కదా, మరి ఏ రోజు తప్పుతున్నావ్?"

"ఆదివారం అమ్మా."

"ఆదివారం ఎక్కడుంటావ్?"

"చర్చిలో."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "అక్కడేం జరుగుద్దో చెప్పు," అంది. ఎంగ్వావ్ చెప్పలేక లేచి వచ్చేశాడు. ఎలా చెబుతాడు? కూతురి చెయ్యి పదిమందికీ చూపిస్తుంటే కూర్చుని చూస్తానని ఏ తండ్రి చెప్పుకుంటాడు?

"చెయ్యి చూపించమ్మా," అన్నాడు ఒమోడింగ్, పిల్ల ముందుకు రాగానే.

అసియో కదల్లేదు.

"చూపించు తల్లీ. మీ నాన్న బాగుపడొద్దా?"

"పోయిన వారం చూపించాను కదా తాతా. బాగుపడలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఒమోడింగ్ అటు ఉరిమి చూశాడు.

"మీ నాన్నకి సిగ్గు రావాలమ్మా."

"సిగ్గు నాకొస్తంది," అంది పిల్ల. "బళ్లో నన్ను కాలినచెయ్యి, కాలినచెయ్యి అంటన్నారు." మళ్లీ మెల్లగా, "ఆ రోజు నీళ్లు తెమ్మని కేకేసింది నువ్వే కదా తాతా. నాన్న నిద్రపోతన్నాడు," అంది.

ఆ రోజు కుండ చుట్టూ కూర్చున్నవాళ్లు చర్చిలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఒకడు పాటల పుస్తకం తెరిచి అందులోకి దూరిపోయాడు. ఒమోడింగ్ తాగుడు మానేసింది ఆ మర్నాడే. అది ఊరందరికీ తెలుసు. ఎందుకని మాత్రం ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఎంగ్వావ్‌కి తప్పించుకునే దారి కళ్లముందు కనిపించింది. అవును, కేకలేసింది వీళ్లే అనేస్తే సగం బరువు దిగిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. బల్ల పట్టుకుని లేచాడు.

"కేకేసింది ఎవరైనా లేవాల్సింది నేను. లేవలేదు," అన్నాడు.

కూతురి దగ్గరికి వెళ్లి, మణికట్టు దగ్గర విడిపోయిన గౌను గుండీ పెట్టబోయాడు. వేళ్ల వణుకుకి గుండీ జారిపోయింది. మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. అంతమందీ చూస్తున్నారు. చివరికి పిల్లే పెట్టుకుంది.

"ఇక దీని చెయ్యి ఎవరికీ చూపించనయ్యా. చూడాలనుంటే నన్ను చూడండి."

"మరి నీకు సిగ్గెట్టా వస్తదిరా?" అన్నాడు ఒమోడింగ్. గద్దించినట్టు లేదు, బతిమాలినట్టుంది.

"వచ్చే ఉందయ్యా. పోవట్లేదు. కాసేపన్నా పోద్దనే తాగుతున్నా."

పిల్లను తీసుకుని బయటికి నడిచాడు. అపోలొత్ చాప మీదనుంచి లేవలేదు, అతని వంక చూడనూ లేదు. అతనికి కోపం రాలేదు.

రోడ్డవతల మామిడిచెట్టు నీడలో అప్పుడే కొత్త కుండ పెట్టారు. "బావా, ఇవాళ తొందరగా వదిలారే! రా, రా, జరుగుతాం!" అని కేకేశాడొకడు.

"తాగుతావా నాన్నా?" అంది అసియో.

ఇన్నాళ్లూ ఆ ప్రశ్నకి ఛ, లేదమ్మా అనడం అతనికి మంచినీళ్లు తాగినంత తేలిక. ఇవాళ ఆ మాట రాలేదు.

"తాగాలనే ఉందమ్మా," అన్నాడు.

పిల్ల అతని వేలు వదల్లేదు. ఇద్దరూ నీడకి పోకుండా ఆ ఎండలోనే నిలబడ్డారు.