మా మిసెస్ హెల్ప్ చేస్తుంది

"మా మిసెస్ కూడా క్లినిక్‌లో కాస్త హెల్ప్ చేస్తుంది లెండి."

ఈ మాట మా ఆయన అన్నప్పుడు నేను సింకు దగ్గర నిలబడి పనిముట్లు కడుగుతున్నాను. పంటి నొప్పితో వచ్చిన టీచరమ్మకి మత్తు సూది నేనే ఇచ్చాను. అది పట్టేదాకా ఆయన కబుర్లు చెబుతున్నారు. "అదృష్టవంతులండీ," అంది ఆవిడ. నాతో కాదు, ఆయనతో. నేనూ పళ్ళ డాక్టర్నే. ఆయన కాలేజీలోనే, ఆయన క్లాసులోనే చదివాను. మార్కుల సంగతి ఎత్తను, ఎత్తితే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

హెల్ప్ అనే మాట నేను మొదట చూసింది బళ్ళో ఇంగ్లీషు వాచకంలో. నీళ్ళలో మునిగిపోతున్న మనిషి చెయ్యి పైకెత్తి అరుస్తుంటాడు, పక్కనే పెద్ద అక్షరాలతో ఆ మాట. ప్రాణం మీదికొస్తేనే వాడాలి కాబోలు అనుకున్నాను. ఇంటికొస్తే వేరే. అన్నయ్య తాను తాగిన గ్లాసు తీసుకెళ్ళి సింకులో పడేస్తే చాలు, "మా వాడు నాకెంత హెల్ప్ చేస్తాడో" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ గ్లాసుతో సహా గిన్నెలన్నీ తోమేది నేను. దానికి ఇంగ్లీషులోనే కాదు, తెలుగులోనూ పేరు లేదు. పెళ్ళయ్యాక అత్తగారిదీ అదే పాట. "మా వాడు ఇంట్లో హెల్ప్ చేస్తాడమ్మా, నీ అంత సుఖపడే కోడలు ఎక్కడుంది!" ఆయన చేసే హెల్ప్ ఏమిటయ్యా అంటే, స్టవ్ మీద పాలు పొంగుతుంటే "ఏవోయ్, పాలు పొంగుతున్నాయి" అని హాల్లోంచి కేకెయ్యడం. ఎవరి పనిలో ఎవరికి హెల్పండీ అని నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. మా తోటికోడలు ఇంకో అర్థం నేర్పింది. "మా హెల్ప్ ఇవాళ కూడా ఎగ్గొట్టింది" అంది ఒకరోజు ఫోన్లో. పనమ్మాయిని అలా అనడం ఇప్పుడు మర్యాదట. ఫోన్ పెట్టేశాక నా పనులు లెక్కేసుకున్నాను. క్లినిక్‌లో ఫోనెత్తి టైమిచ్చేది, నేల తుడిచేది, పనిముట్లు శుభ్రం చేసేది నేనే. వేరే మనిషెందుకు దండగ అన్నారు మొదట్లోనే.

కడగడం, తుడవడమే అయితే పోనీలే అనుకుందును. రెండేళ్ళ నుంచీ ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. మందులు వాడారు, తగ్గలేదు. అప్పట్నుంచి మాదొక పద్ధతి. ఆయన పేషెంటుని కుశలమడిగి, అద్దం పెట్టి నోట్లోకి తొంగిచూసి, "భయం లేదు, కళ్ళు మూసుకోండి" అంటారు. మూసుకున్నాక నేను వచ్చి కూర్చుంటాను. డ్రిల్లు పట్టేది, నరం తీసేది, పన్ను కట్టేది నేను. నా వెనకాల నిలబడి మాట్లాడేది ఆయన. "డాక్టరుగారిది ఎంత తేలిక చెయ్యో" అని ఆయనకి దండం పెట్టి వెళ్తారు. ఆయన వద్దనరు. డ్రిల్లు పట్టలేకపోయిన మొదటిరోజు ఆయన బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడుస్తుంటే వినలేక నేనే ఈ ఏర్పాటుకి ఒప్పుకున్నాను. ఇదే ఖాయమైపోతుందని అప్పుడు తోచలేదు.

నిన్న అన్నం తింటూ అన్నారు. "మా అన్నయ్య కొడుకు డెంటల్ చదువైపోయింది. వచ్చే నెల నుంచి మన క్లినిక్‌లో కూర్చుంటాడు. బోర్డు మార్పిస్తున్నాను."

"ఎవరెవరి పేర్లు?"

"నాదీ, వాడిదీ."

"మరి నాది?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీకెందుకోయ్ బోర్డు? నువ్వు ఇంటిమనిషివి. వాడికింకా చెయ్యి తిరగలేదు. నువ్వు పక్కనుండి కాస్త హెల్ప్ చేస్తే చాలు, వాడే చూసుకుంటాడు."

అంటే నా దగ్గర వాడికి చెయ్యి తిరిగేదాకా నేను కావాలి. ఆ తర్వాత నాకు సింకు మిగులుతుంది. ఒళ్ళు మండిపోయింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు. కంచం తీసి కడిగేశాను.

ఇదిగో, ఇవాళ మళ్ళీ హెల్ప్. చేతులు తుడుచుకుని గ్లవ్స్ వేసుకున్నాను. ఆయన టీచరమ్మని కళ్ళు మూసుకోమని, డాక్టరు కూర్చునే స్టూలు నాకోసం జరిపి పక్కకి తప్పుకున్నారు. నేను అటు వెళ్ళలేదు. ఇవతల అసిస్టెంటు స్టూలు మీద కూర్చుని, ఉమ్మి లాగే పైపు పట్టుకున్నాను.

"కానివ్వండి," అన్నాను.

"ఏంటీ వేషాలు?" అని గొణిగారు. నేను కదలకపోయేసరికి డ్రిల్లు తీసుకున్నారు. అది గాల్లోనే వణికింది. ఆవిడ నోటి దాకా తీసుకెళ్ళలేదు, నేను తీసుకెళ్ళనిచ్చేదాన్నీ కాదు. నావైపు చూశారు. జాలేసింది, ఎందుకు వెయ్యదు. ఆ జాలి మీదే కదా రెండేళ్ళుగా ఈ క్లినిక్ నడుస్తోంది.

టీచరమ్మ కళ్ళు తెరిచింది. "ఏమైంది డాక్టర్‌గారూ?"

"డ్రిల్లు ట్రబులిస్తోందండీ. రేపు రండి."

"మత్తు కూడా ఇచ్చారు కదండీ," అంది ఆవిడ, మొద్దుబారిన నోటితో.

లేచి ఆయన చేతిలోంచి డ్రిల్లు తీసుకున్నాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాను.

"డ్రిల్లు బాగానే ఉందమ్మా. నేనూ డాక్టర్నే. రెండేళ్ళుగా ఇక్కడ అందరి పళ్ళూ బాగుచేస్తున్నది నేనే. మీరు కళ్ళు మూసుకోనక్కర్లేదు, చూస్తూనే ఉండండి."

ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది. "మరి బోర్డు మీద మీ పేరు లేదేంటండీ?"

పైపు ఆయన చేతికిచ్చాను. అది పట్టుకోవడానికి ఆ చెయ్యి సరిపోతుంది.

"బోర్డు రాసే అతనికి ఇవాళే ఫోన్ చెయ్యండి," అన్నాను ఆయనతో, ఆవిడకి వినబడేలాగే. "మొదట నా పేరు రాయమనండి. కింద జాగా మిగిలితే మీరూ మీ వాడూ సర్దుకోండి."