ఆరు బారల నీళ్లు

ద్వారకానాథ్‌గారి కంటికి నిజం ఎప్పుడూ బక్కచిక్కినట్టే కనిపిస్తుంది. జాలిపడి నాలుగు ముద్దలు ఎక్కువ పెడతారు.

ప్రతి ఆదివారం రౌస్ హిల్‌లో మెట్రో ఎక్కి, సిడ్నీ హార్బరు ఒడ్డున ఓ చిన్న మ్యూజియంలో తెలుగువాళ్లకి పాత సముద్రపటాలు చూపించడం ఆయన పని. జీతం లేదు, మెడలో బ్యాడ్జీ ఉంది. ఇప్పుడు ఆ బ్యాడ్జీకే గండం వచ్చిపడింది. పటంలో ఒకచోట అంకె ఎందుకు లేదని అడిగిన పిల్లతో, "అక్కడ తిమింగలం నిద్రపోతోందమ్మా. లేపడం మర్యాద కాదని దొరలు పక్కనుంచి పోయారు" అన్నారు. ఆ పిల్ల దాన్ని స్కూల్ ప్రాజెక్టులో రాసేసింది.

"ఇంకొక్క కథ చెప్పారంటే బ్యాడ్జీ ఇచ్చేయాలి అంకుల్. ఐయామ్ సీరియస్," అంది ఇన్‌చార్జి జయశ్రీ. ఈ ఆదివారం తనే నోట్‌బుక్కుతో వెనకాల నిలబడింది.

పటాలు చూడ్డానికి శేషుకుమారి అనే అమ్మాయి తన స్నేహితురాళ్లు ముగ్గురితో వచ్చింది.

"ఈ అంకెలేంటి అంకుల్?"

"లోతులమ్మా. రెండువందల ఏళ్ల కిందట నేవీవాళ్లు చిన్న పడవల్లో తిరుగుతూ, తాడుకి సీసపు గుండు కట్టి వదిలేవారు. అడుగు తగలగానే ఎన్ని బారలో కేకేసేవారు. రెండు చేతులూ చాపితే బార. మన నూతి చేంతాడు కొలవమూ? అలాగే."

శేషుకుమారి ఫక్కున నవ్వింది. "తెల్లవాళ్లు మన బారతో కొలిచారా! మీరు మామూలోళ్లు కాదంకుల్!"

వెనకాల పెన్ను కదిలింది.

ఆయన ఓరకంట అటు చూశారు. డెబ్బై మూడేళ్లకి నిఖార్సైన నిజం ఒకటి చెబితే ఇదా మర్యాద!

"వాళ్లు పెట్టుకున్న పేరు వేరమ్మా, కొలత మనిషి చేతులదే. ఇదిగో, ఇక్కడ ఆరు. చేతులు చాపి వరసగా నిలబడండి, చూపిస్తాను."

వేళ్లకి వేళ్లు తాకించి నలుగురూ నిలబడ్డారు. చివర ఆయన. ఇంకా ఒకరు తక్కువ. అందరూ జయశ్రీకేసి చూశారు.

"నేనా? నేను డ్యూటీలో..." అంటూనే నోట్‌బుక్కు అద్దాలపెట్టె మీద పెట్టి వచ్చి, రెండో కొసన నిలబడింది.

ఆరోబార కలిసేసరికి ద్వారకానాథ్‌గారి చెవుల్లో నీళ్ల హోరు మొదలైంది. కిటికీలోంచి ఎండ ఆకుపచ్చగా వణుకుతూ దిగింది. ఆ వరస నిలువుగా లేచింది. ఎక్కడో పైన, జయశ్రీ వేళ్ల కొసన, పడవ ఆకులా ఆడుతోంది. తాడు ఒక్కొక్క భుజమే తాకుతూ దిగి, ఆయన కాలిపక్కన ఇసుకలో మెత్తగా కూచుంది. పైనెవరో "ఆరు!" అని కేకేశారు.

చాలాసేపు ఎవరూ చేతులు దించలేదు.

జయశ్రీ పటంకేసి మెడ తిప్పింది. "అంకుల్, ఇక్కడ పదకొండుంది. మనం చాలం."

"చాలమమ్మా."

"నెక్స్ట్ సండే పెద్ద గ్రూపు బుక్ చేస్తాను. మీరు కాస్త వదులు చొక్కా వేసుకు రండి, చంకలో కుట్లు ఊడాయి."